తెనాలి పెంటియం, హనుమకొండ బీబీసీ: పాత కంప్యూటర్లపై మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్, నమస్కారం. మాది తెనాలి. మా వీధిలో ఒక డీటీపీ సెంటర్ మూసేస్తూ సామాన్లన్నీ అమ్మేశారు. అందులో ఒక పాత కంప్యూటర్ 1,200 రూపాయలకి కొన్నాను. పెంటియం ఎంఎంఎక్స్ 166, 32 ఎంబీ ర్యామ్, 2.1 జీబీ హార్డ్ డిస్క్ అని దాని మీద కాగితం అంటించి ఉంది. కీబోర్డు పిన్ను గుండ్రంగా, లావుగా ఉంది. మా ఇంట్లో శుభకార్యాల కార్డులన్నీ ఆ షాపులోనే చేయించేవాళ్లం. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు. ఈ కంప్యూటర్‌ని నా చేతులతో మళ్లీ నడిపించాలని ఉంది. ఎవరినడిగినా "ప్లగ్ పెట్టి చూడు, వస్తే వస్తుంది, లేకపోతే లేదు" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ప్లగ్ మాత్రం పెట్టకండి. మీరు కొన్న డబ్బా ఖరీదు 1,200 అయినా, లోపలున్న హార్డ్ డిస్కుకి వెల కట్టలేం. ఒక ఊళ్లో పదేళ్లో పదిహేనేళ్లో డీటీపీ చేసిన డిస్క్ అది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, స్థానికంగా రాసేవాళ్లు సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకాలు అందులో ఉండొచ్చు. వాటిలో చాలావాటికి అచ్చు ప్రతి కూడా మిగిలి ఉండదు. తొంభైల్లో నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సర్వీసు పనిచేసేవాణ్ణి. డీటీపీ వాళ్లు పట్టుకొచ్చే మిషన్లలో పాడైన బోర్డు మార్చగలిగేవాళ్లం, పవర్ సప్లై మార్చగలిగేవాళ్లం. డిస్క్ పోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడలేకపోయేవాళ్లం. అందుకే ముందు డిస్క్ సంగతి చూద్దాం. కంప్యూటర్ సంగతి తర్వాత.

క్యాబినెట్ విప్పి హార్డ్ డిస్కుని బయటికి తీయండి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఒకటి, నాలుగు వైర్ల పవర్ కనెక్టర్ ఒకటి ఉంటాయి. తీసే ముందు ప్రతి కోణం నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. తర్వాత ఐడీఈ డిస్కులకి, అంటే ఇలా రిబ్బన్ కేబుల్‌తో కలిసే పాత రకం డిస్కులకి, పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొనండి. దానికి సొంత 12 వోల్టుల పవర్ అడాప్టర్ ఉండాలి, ఎందుకంటే పాత డిస్కుని యూఎస్‌బీ కరెంటు తిప్పలేదు. డిస్క్ వెనక పిన్నుల మీద గుచ్చే చిన్న ముక్క, జంపర్, మాస్టర్ స్థానంలో ఉందో లేదో డిస్క్ మీది స్టిక్కర్ చూసి సరిచూసుకోండి. ఇప్పుడు లైనక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కాపీ తీయండి. దాన్ని ఇమేజ్ అంటారు. ఫోల్డర్లు తెరిచి ఒక్కో ఫైలూ లాగుతూ కూర్చోవద్దు. పాత డిస్కుకి మిగిలిన ఆయుష్షు ఎంతో మనకి తెలియదు కాబట్టి మొదటి ప్రయత్నంలోనే మొత్తం వచ్చేయాలి. డీడీరెస్క్యూ ముందు బాగున్న భాగాలన్నీ లాగేసి, మొరాయించే సెక్టార్ల దగ్గరికి చివర్లో వస్తుంది. మామూలు కాపీకీ దీనికీ తేడా అదే. డిస్క్ టిక్కు టిక్కుమని ఒకే లయలో కొడుతుంటే వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లని అడగండి. విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలించి, అది "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే పొరపాటున కూడా ఒప్పుకోకండి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. డిస్కులో ఉన్నది మీది కాదు. షాపు ఓనరుదీ, ఆయన దగ్గరికి వచ్చిన జనానిదీ. ఆయన ఊళ్లోనే ఉంటే వెళ్లి, "ఇలా కాపీ తీశాను, మీకో కాపీ ఇస్తాను" అని చెప్పండి. ఏవి ఉంచుకోవచ్చో, ఏవి చెరిపేయాలో ఆయన్నే అడగండి. ఎవరి లెటర్‌హెడ్లూ ఎవరి బయోడేటాలూ వాట్సాప్‌లో పెట్టొద్దు.

కాపీ చేతికొచ్చాక టెన్షన్ సగం పోతుంది. ఇక మిషన్ సంగతి చూడొచ్చు.

మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ. లోపల తుప్పు, దుమ్ము, బల్లి గుడ్లు, బొద్దింకల రెట్ట, అన్నీ ఉండొచ్చు. వాకిట్లోకి తీసుకెళ్లి మెత్తటి పెయింట్ బ్రష్షుతో దులపండి. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకి ఆనించొద్దు, స్టాటిక్ కరెంటుతో చిప్పులు పోతాయి. ర్యామ్‌నీ కార్డుల్నీ తీసి, వాటి బంగారు అంచుల్ని స్కూలు పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్దండి. రాలిన రబ్బరు పొట్టు దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. నా సర్వీసు రోజుల్లో "డెడ్" అని వచ్చిన మిషన్లలో చాలావాటిని లేపింది ఈ రబ్బరే. మీ బోర్డు మీద పొడవుగా 72 పిన్నుల ర్యామ్ ఉంటే, పెంటియంలో వాటిని జతలుగానే పెట్టాలి. ఒక్కటే పెడితే మిషన్ లేవదు.

బ్యాటరీ చూడండి. 1997 నాటి బోర్డుల్లో ఎక్కువగా సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. వాచీ రిపేరు షాపులో కూడా దొరుకుతుంది. అది కొత్తది వేస్తే సరిపోతుంది. బిళ్ల కనబడకపోతే, డల్లాస్ అని రాసున్న నల్లటి దిమ్మ లాంటి చిప్పు ఉందేమో వెతకండి. దాని బ్యాటరీ లోపలే మూసేసి ఉంటుంది కాబట్టి చిప్పునే మార్చాలి. ఇంకా పాత 386, 486 బోర్డులు ఎవరికైనా దొరికితే మాత్రం జాగ్రత్త. వాటి మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ పీపా ఆకారంలో ఉంటుంది. అందులోంచి కారే క్షారం రాగి దారుల్ని తినేసి ఆకుపచ్చగా చిలుము పట్టిస్తుంది. దాన్ని కత్తిరించి పారేసి, మరక మీద కొంచెం వెనిగర్ రాసి క్షారాన్ని విరిచి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి.

పవర్ సప్లై దగ్గర తొందర పనికిరాదు. మీ కీబోర్డు పిన్ను లావుగా ఉందంటే అది ఏటీ రకం మిషన్ అయ్యుంటుంది. ఏటీ క్యాబినెట్‌లో ముందున్న స్విచ్చికి నేరుగా 230 వోల్టుల కరెంటు వస్తుంది. ఇప్పటి కంప్యూటర్ల బటన్‌లాగా అది చిన్న సిగ్నల్ స్విచ్చి కాదు. ఆ స్విచ్చి వెనక నాలుగు వైర్లుంటాయి. వాటి ప్లాస్టిక్ తొడుగులు ఎండి ఊడిపోయి ఉంటే, ప్లగ్ పెట్టి క్యాబినెట్ పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. ఆ వైర్ల వరస మార్చకండి, కొత్త తొడుగులు వేయించండి. సప్లై డబ్బాని మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా డీసీ నిలవుంటుంది, ప్లగ్ తీసిన తర్వాత కూడా కాసేపు ఉంటుంది. వెనక 115, 230 అని ఎర్రటి చిన్న స్విచ్చి ఉంటే అది 230 మీదే ఉండాలి.

మీ ఊళ్లో పాత టీవీ మెకానిక్ ఎవరైనా ఉంటే ఆయన సాయం తీసుకోండి. ఆయన దగ్గర సీరీస్ బల్బు బోర్డు తప్పకుండా ఉంటుంది. సప్లైని మదర్‌బోర్డు నుంచి ఊడదీసి, లోడ్ కోసం ఒక పాత సీడీ డ్రైవ్ తగిలించి, సీరీస్ బల్బు గుండా కరెంటు ఇవ్వమనండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే మంచిదే. వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది. బాగుందనిపిస్తే బల్బు తీసేసి, మల్టీమీటర్‌తో నలుపుకీ ఎరుపుకీ మధ్య చూడండి. 4.75 నుంచి 5.25 వోల్టుల లోపు రావాలి. నలుపుకీ పసుపుకీ మధ్య 11.4 నుంచి 12.6 దాకా రావాలి. ఇవి సరిగ్గా ఉంటేనే బోర్డుకి తగిలించండి. ఏటీ సప్లై నుంచి బోర్డుకి పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు వస్తాయి. రెండిటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన ఉండేలా గుచ్చాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది. ఇది ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించుకోండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే కార్డు, చిన్న స్పీకర్, ఇంతే ఉండాలి. ప్రాసెసర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. స్పీకర్ తప్పకుండా తగిలించండి, ఎందుకంటే తెర మీద ఏమీ రానప్పుడు మనతో మాట్లాడేది అదే. ఆన్ చేయగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రామ్‌ని బయోస్ అంటారు. అది అవార్డ్ కంపెనీదైతే ఒక్క చిన్న బీప్ వస్తే అంతా బాగున్నట్టు. ఒక పొడుగు, రెండు పొట్టి బీపులొస్తే డిస్‌ప్లే కార్డు సరిగ్గా కూర్చోలేదు. పొడుగు బీపులు ఆగకుండా వస్తుంటే ర్యామ్ సంగతి చూడాలి. తెర వెలిగి "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్" అని వస్తే కంగారు పడొద్దు. బ్యాటరీ మార్చాం కదా, సెట్టింగులు మర్చిపోయింది, అంతే. డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైము, ఫ్లాపీ రకం పెట్టి, హార్డ్ డిస్క్ ఆటో డిటెక్ట్ చేయించండి. తెర కోసం ఈ కాలపు మానిటరే వాడొచ్చు, వెనక 15 పిన్నుల వీజీఏ సాకెట్ ఉంటే చాలు.

పాత హార్డ్ డిస్కుని మళ్లీ పనిలో పెట్టకండి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అని కెమెరాల్లో వాడేవారు గుర్తుందా? ఆ కార్డు విద్యుత్తు పరంగా ఐడీఈ డిస్కే. కొన్ని వందల రూపాయల అడాప్టర్‌తో దాన్ని హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టొచ్చు. 4 జీబీ కార్డు తీసుకుని, మీరు తీసిన ఇమేజ్‌ని దాని మీదికి రాస్తే మామూలుగా ఆ షాపు కంప్యూటర్ ఏ విండోస్‌తో ఆగిపోయిందో అదే విండోస్‌తో లేస్తుంది. పెద్ద సైజు కార్డు వద్దు. ఆ కాలం బయోసులు చాలావాటికి 8.4 జీబీ దాటితే అర్థం కాదు. అసలు డిస్కుని కవర్లో చుట్టి, తేదీ రాసి, బీరువాలో పెట్టండి.

ఇంత కష్టం ఎందుకు, ఫైళ్లు కొత్త ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. తెరిచి చూడండి, అక్షరాలు కాకుండా గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. అప్పటి తెలుగు డీటీపీ యూనికోడ్ కాదు, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ అక్షరాలకి వాడే ఉమ్మడి కోడింగ్ కాదు. అను ఫాంట్ల లాంటివాటిలో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్కగా ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేకపోతే కంప్యూటర్‌కి అది ఇంగ్లిష్ గుర్తుల చిందరవందర. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుంచీ ఉంది. కానీ మామూలు విండోస్‌లోకి తెలుగు లిపి వచ్చింది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అప్పటిదాకా జరిగిన తెలుగు పనంతా ఇలా ఒక్కో కంపెనీ సొంత కోడింగ్‌లో ఉంది. అందుకే ఆ ఫాంటూ, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామూ ఉన్న అసలు మిషన్ మీకు దొరకడం పెద్ద అదృష్టం అంటున్నాను.

పేజీలు ఉన్నవి ఉన్నట్టు బయటికి తేవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఆ విండోస్‌లో ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాష) ప్రింటర్ డ్రైవర్ పెట్టి, పోర్టు దగ్గర "ఫైల్" అని ఎంచుకుని ప్రింట్ ఇవ్వండి. ఫాంట్లను కూడా ఫైల్లోనే చేర్చమని ప్రింట్ సెట్టింగుల్లో చెప్పండి. ప్రింటర్ లేకుండానే ఒక ఫైలు తయారవుతుంది. మిషన్ ఆపేసి, ఫ్లాష్ కార్డు తీసి, కార్డు రీడర్‌లో పెట్టి ఆ ఫైలుని కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చి, గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్‌గా మార్చండి. ఒత్తులు, బోర్డర్లు, బొమ్మలు, అన్నీ అచ్చు వేసినట్టే వస్తాయి. పాఠం కూడా కావాలంటే పేజ్‌మేకర్ నుంచి టెక్స్ట్ ఎగుమతి చేసి యూనికోడ్ కన్వర్టర్‌లో వేయాలి. అది నూటికి నూరుపాళ్లు సరిగ్గా రాదు. ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఉన్నచోట కంటితో సరిచూసుకోవాలి. పేజ్‌మేకర్ గానీ తెలుగు సాఫ్ట్‌వేర్ గానీ "లాక్ లేదు" అని మొండికేస్తే, కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకి తగిలించే చిన్న ముక్క ఏదైనా ఆ షాపులో మిగిలిందేమో అడగండి. చాలా భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు ఆ హార్డ్‌వేర్ లాక్‌తోనే అమ్మేవారు.

ఆ మిషన్‌ని ఇంటర్నెట్‌కి కలపకండి. విండోస్ 98కి కూడా భద్రతా సవరణలు 2006 జులైలోనే ఆగిపోయాయి.

ప్రశ్న: అయ్యా, నేను హనుమకొండలో ఉంటున్న రిటైర్డ్ సైన్సు టీచర్ని. మా పాత స్కూల్లో స్టోర్ రూమ్ ఖాళీ చేసి వేలం వేసినప్పుడు కీబోర్డు లాంటి పెద్ద పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. పైవరసలో ఎర్రటి కీలున్నాయి. ఎస్‌సీఎల్ యూనికార్న్ అని రాసి ఉంది. స్కూల్లో దీన్ని "బీబీసీ కంప్యూటర్" అనేవాళ్లం. నేర్పడానికి వచ్చిన ట్రైనింగ్‌లో నేనూ ఉన్నాను. ఇప్పుడు మనవరాలికి చూపించాలని ఉంది. మళ్లీ పనిచేస్తుందా?

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది. మీ దగ్గరున్నది 1984-85లో మన దేశంలో బడి పిల్లలకి కంప్యూటర్ పరిచయం చేయడానికి మొదలైన క్లాస్ ప్రాజెక్టు నాటి మిషన్. అసలు కంప్యూటర్ బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీది, పేరు బీబీసీ మైక్రో. అక్కడి ప్రసార సంస్థ బీబీసీ నడిపిన కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమం కోసం 1981 డిసెంబర్‌లో వచ్చింది. ఇక్కడ దాన్ని యూనికార్న్ పేరుతో తయారుచేసింది ప్రభుత్వ రంగంలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్, పంజాబ్‌లోని మొహాలీలో ఉండేది. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32 కేబీ మెమరీ. ఈ రోజు మీ ఫోన్‌లో ఒక్క ఫొటో పట్టాలంటే ఆ మెమరీకి ఎన్నో రెట్లు కావాలి. అయినా అది నిజమైన కంప్యూటరే, పిల్లలకి పాఠం చెప్పడానికి ఈనాటికీ దానికన్నా మంచి మిషన్ నాకు తెలియదు. ఆన్ చేసిన వెంటనే బేసిక్ భాష సిద్ధంగా ఉంటుంది. మధ్యలో ఏ మెనూ లేదు, ఏ ప్రకటనా లేదు.

పనిచేసే అవకాశం బాగా ఉంది. కానీ మీరు కూడా ప్లగ్ పెట్టొద్దు. ఈ రకం మిషన్ల పవర్ సప్లైలో కరెంటు వచ్చే చోట రిఫా అనే కంపెనీ కెపాసిటర్లు ఉండటం మామూలు. పసుపు రంగు పారదర్శకమైన పెంకులో ఉంటాయి. లోపల కాగితం పొర. వయసుతో పైపెంకు సన్నగా పగిలి, ఆ పగుళ్లలోంచి తేమ కాగితంలోకి చేరుతుంది. ఏళ్ల తర్వాత కరెంటు తగలగానే కాసేపు బాగానే నడిచి, ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో, ఘాటైన పొగతో పేలతాయి. బోర్డుకి సాధారణంగా ఏమీ కాదు గానీ, గదిలో చిన్నపిల్ల ఉంటే భయపడిపోతుంది. టీవీ మెకానిక్ చేత ముందే వాటిని తీయించి, అదే విలువలో కొత్త ఎక్స్ క్లాస్ కెపాసిటర్లు, అంటే నేరుగా ఇంటి కరెంటు మీద పెట్టడానికి తయారైనవి, వేయించండి. "ఎక్స్ క్లాస్" అని గట్టిగా చెప్పండి. మామూలు కెపాసిటర్ అక్కడ వేయకూడదు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి.

చిప్పులు సాకెట్లలో గుచ్చి ఉంటాయి. ఇన్నేళ్ల వేడికీ చలికీ అవి కొద్దిగా పైకి లేస్తాయి. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో సమంగా నొక్కండి. ఆన్ చేస్తే మొదట ఒక బరువైన స్వరం, ఆ వెంటనే ఒక చిన్న బీప్ వినిపించాలి. బరువైన స్వరం ఆగకుండా మోగుతుంటే మిషన్ తన తొలి పనుల మధ్యలోనే ఆగిపోయిందని అర్థం. మళ్లీ చిప్పులు నొక్కి చూడండి. వెనక గుండ్రటి వీడియో సాకెట్ ఉంటుంది. దాన్నుంచి టీవీ ఏవీ ఇన్‌పుట్‌కి కేబుల్ చేయిస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, మొదటి పాఠానికి అది చాలు. ప్రోగ్రాములు అప్పుడు క్యాసెట్‌లో దాచేవారు గుర్తుందా, ఇప్పుడు టేప్ రికార్డర్ బదులు ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే ఆ శబ్దాన్ని వినిపించొచ్చు.

మనవరాలికి ఒక సంగతి తప్పకుండా చెప్పండి. ఈ మిషన్‌కి బేసిక్ రాసిన సోఫీ విల్సన్, దాని తయారీలో పనిచేసిన స్టీవ్ ఫర్బర్ ఆ తర్వాత ఏఆర్‌ఎం అనే ప్రాసెసర్‌ని రూపొందించారు. దాని ఆదేశాల నమూనాని విల్సన్ ముందుగా బీబీసీ బేసిక్‌లోనే రాసి పరీక్షించారు. 1985లో మొదటి ఏఆర్‌ఎం చిప్పు చేతికొచ్చినప్పుడు దాన్ని నడిపి చూసింది బీబీసీ మైక్రోకి తగిలించే. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఆ వంశపు ప్రాసెసరే ఉంది. మీ స్కూలు స్టోర్ రూమ్‌లో పడున్న పెట్టెకీ ఆ పిల్ల ఫోన్‌కీ చుట్టరికం ఇంత దగ్గరిది. ట్రైనింగ్‌లో మీకిచ్చిన పుస్తకాలూ నోట్సూ ఏవైనా ఉంటే స్కాన్ చేసి ఉంచండి మాస్టారూ. మిషన్లు దొరుకుతున్నాయి గానీ, మన బడుల్లో వాటితో ఏం నేర్పారన్నది చెప్పే కాగితాలు అరుదుగా దొరుకుతున్నాయి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత కంప్యూటర్ ఒకటి కొని బాగుచేద్దామంటే ఇంట్లో "తుక్కు తెచ్చి ఇల్లు నింపుతావా" అంటున్నారు. ఫ్రెండ్స్ ఏమో, పాత కంప్యూటర్‌ని కొత్తదానిలో అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ ఉండగా అసలు మిషన్ ఎందుకంటున్నారు. 2,000 రూపాయల్లో ఏం కొనాలి? ఎక్కడ?

జవాబు: గేమ్స్ ఆడటానికే అయితే మీ ఫ్రెండ్స్ అన్నది నిజం, అమ్మా. విండోస్‌కి ముందటి డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ చాలు, పైసా ఖర్చు లేదు. కానీ హార్డ్‌వేర్ ఎలా పనిచేస్తుందో చేతులతో తెలుసుకోవాలంటే ఎమ్యులేటర్ పనికిరాదు. అందులో జంపర్ తప్పు పెట్టలేరు, కనెక్టర్ వదులవదు, బీపు విని లోపం ఎక్కడుందో ఊహించే పని ఉండదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో అన్నీ బోర్డుకే అతికించేస్తున్నారు. పాత డెస్క్‌టాప్‌లో ప్రతి భాగాన్నీ విడిగా తీసి పట్టుకుని, ఇది లేకపోతే ఏమవుతుందో చూడొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో ఎవరూ మీకు ఈ అవకాశం ఇవ్వరు.

పెంటియం టూ లేదా త్రీ చూడండి. 1997 నుంచి 2001 దాకా వచ్చినవి. వాటికి ఏటీఎక్స్ పవర్ సప్లై ఉంటుంది కాబట్టి ముందు స్విచ్చికి 230 వోల్టులు రావు, పాడైతే కొత్త సప్లై తేలిగ్గా దొరుకుతుంది. డాస్ కూడా నడుస్తుంది, విండోస్ 98 కూడా నడుస్తుంది. 98 పెట్టేట్టయితే ర్యామ్ 512 ఎంబీ దాటనివ్వకండి, చిక్కులొస్తాయి. లైసెన్సు గొడవ వద్దనుకుంటే ఫ్రీడాస్ ఉంది, 1994లో మొదలైన ఉచిత ప్రాజెక్టు, ఇప్పటికీ కొత్త విడుదలలు వస్తున్నాయి. పెంటియం ఫోర్ తొలి రకాలు చవగ్గా వస్తాయి గానీ వేడి ఎక్కువ, కెపాసిటర్ల బెడద ఎక్కువ. నేనైతే వద్దంటాను.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో పాత షాపుల వాళ్లని కూడా అడగండి, పైన గోడౌన్‌లో ఏదో ఒకటి ఉంటుంది. ఒంటరిగా కాకుండా తోడు తీసుకుని వెళ్లండి, క్యాబినెట్ బరువుంటుంది. టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లి, పక్క తలుపు తీయించి లోపల చూశాకే బేరం మొదలుపెట్టండి. మొదట ప్రాసెసర్ ఉందో లేదో చూడాలి. బంగారం తీసేవాళ్లు పాత ప్రాసెసర్లనీ ర్యామ్‌నీ ముందే ఏరుకుపోతారు. తర్వాత ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉన్న కెపాసిటర్ల నెత్తి చూడండి. చదునుగా ఉంటే మంచిది. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ధర సగానికి అడగండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు వచ్చాయి, ఎన్నో కంపెనీల బోర్డులు వాటి వల్ల పోయాయి. మార్చడం మంచి సోల్డరింగ్ అభ్యాసం కూడా. అదే మైక్రోఫారడ్, అదే వోల్టేజ్ లేదా కాస్త ఎక్కువ, 105 డిగ్రీల రకం, లో ఈఎస్‌ఆర్ అని అడగండి. ఒంటి మీద గీత ఉన్న వైపు నెగెటివ్. అక్కడే ఏదైనా టీవీఎస్ గోల్డ్ కీబోర్డు కనిపిస్తే మాత్రం బేరం ఆడకుండా తీసుకోండి. చెర్రీ బ్లూ స్విచ్చిలతో మన దేశంలో అంత చవగ్గా అమ్మిన మెకానికల్ కీబోర్డు ఇంకొకటి నేను చూడలేదు.

ఇంట్లో వాళ్ల మాటకి, ఒకటి బాగుచేశాకే రెండోది తెస్తానని చెప్పి, అలాగే నడుచుకోండి. ఒక బల్ల, ఒక అర, అంతకు మించి చోటు ఆక్రమించకండి.

ప్రశ్న: పాత క్యాబినెట్టూ కీబోర్డూ పసుపు పచ్చగా మారాయి. సబ్బుతో కడిగినా పోలేదు. ఏం చేయాలి? – రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: అది మురికి కాదు, ప్లాస్టిక్కే రంగు మారింది. మంటలు అంటకుండా ఆ ప్లాస్టిక్‌లో కలిపే బ్రోమిన్ పదార్థాలతో పాటు ఎండ, గాలి, వేడి కూడా దీనికి కారణం అంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే చాలావరకు తెల్లబడుతుంది. జుట్టుకి రంగు వేసేవాళ్లు వాడే 12 శాతం క్రీమ్ దీనికి వీలు. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. క్రీమ్ ఆరిపోతే మచ్చలు పడతాయి కాబట్టి పైన పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి, మధ్యమధ్యలో సర్దుతూ ఉండండి. మీ గోదావరి జిల్లా మే నెల ఎండకి ప్లాస్టిక్ వంగిపోతుంది, పొద్దుటి ఎండ చాలు. స్టిక్కర్లూ పేరు పలకలూ ముందే తీసేయండి. కొన్నేళ్లకి పసుపు మళ్లీ రావచ్చు. నిజం చెప్పాలంటే నా మిషన్లకి నేనిది చేయను. నాకు ఆ రంగు అలవాటైపోయింది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుందన్న అనుమానం కూడా ఉంది.

ప్రశ్న: పాత లావు మానిటర్ ఆన్ చేస్తే టిక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతోంది. యూట్యూబ్ చూసి విప్పమంటారా? – నెల్లూరు పాఠకుడు

జవాబు: వద్దండి. పిక్చర్ ట్యూబ్ దగ్గర 20 వేల వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్ తీసి పెట్టిన తర్వాత కూడా ఆ చార్జి ట్యూబులో మిగిలి ఉండొచ్చు. ట్యూబు పగిలితే గాజు లోపలికి పేలవచ్చు. మీరు చెప్పిన లక్షణం చూస్తే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌లో గానీ, హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌లో గానీ షార్ట్ ఉండొచ్చు. రంగుల టీవీలు బాగుచేసిన పెద్ద వయసు మెకానిక్‌కి ఇది రోజూ చేసిన పనే. మోడల్ నంబరు రాసుకుని, ఫ్లైబ్యాక్ దొరుకుతుందో లేదో ముందు ఆయన్నే అడగండి. దొరక్కపోతే ఆ మానిటర్‌ని తుక్కు బండికి వేయొద్దు, గాజులో సీసం ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కే ఇవ్వండి. ఈలోగా కంప్యూటర్‌ని ఏదైనా పాత ఎల్‌సీడీ మానిటర్‌కి తగిలించి పని కానివ్వండి.